పక్కింటి గుమ్మంలో నిలబడి రాయమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అంది మూడు వారాలైంది. మొదటిసారి చదివినప్పుడు ఐదో పేజీ దగ్గర విసుగు పుట్టి పక్కన పెట్టేశాను. రెండోసారి అదే పేజీలో ఒక వాక్యం నన్ను ఆపింది. యుద్ధం నుంచి ఇంటికి రాబోయే కొడుకు కోసం తల్లి పొయ్యి దగ్గర ఆరేసిన ఊలు మేజోళ్ళను, చావుకబురు మోసుకొచ్చిన పొరుగింటామె, నోరు విప్పకముందే, మాడిపోకుండా తిరగవేసిందని రాశావు. ఆ వాక్యం లేకపోతే ఈ ఉత్తరం లేదు.

తేదీలూ లెక్కలూ సరిగానే ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధం నుంచి స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవికి, ఇళ్ళకు మళ్ళిన నావికులతో 1918 డిసెంబరు 31 రాత్రి బయలుదేరిన ‘ఇయోలైర్’ ఓడ, కొత్త సంవత్సరం పుట్టిన రెండు గంటలకు, ఆ దీవి రేవుపట్నం స్టోర్నోవేకు అంత దగ్గరలో రాళ్ళకు కొట్టుకోవడమూ, 201 మంది చనిపోవడమూ, యుద్ధంలో అప్పటికే సుమారు 1,000 మందిని పోగొట్టుకున్న ఆ దీవి మీద ఆ దెబ్బ పడడమూ చక్కగా చెప్పావు. కానీ ఆ తర్వాత నీ కథలోని తల్లి రెండు పేజీల శోకం పెట్టింది. ఇరుగుపొరుగువాళ్ళు వరసగా వచ్చి తలా ఒక ఓదార్పు మాట అప్పజెప్పి వెళ్ళారు. ఆ దీవిలో అలా జరగలేదమ్మా. నావికాదళ స్థావరంలో వరసగా పడుకోబెట్టిన దేహాలలో తమవాళ్ళను వెతుక్కుని, బళ్ళ మీద ఊళ్ళకు తీసుకువెళ్ళిన మనుషులు వాళ్ళు. చావు జరిగిన ఇంట్లో రాత్రి పొరుగువాళ్ళు కూడినప్పుడు ఒకరు గేలిక్ భాషలో కీర్తన చరణం అందిస్తే మిగిలినవాళ్ళు అందుకుంటారు. శవపేటికను మగవాళ్ళు వంతులవారీగా, ఒకరి భుజం కింద నుంచి ఇంకొకరు అందుకుంటూ మోస్తారు. బతికి బయటపడినవాళ్ళలో చాలామంది ఆ రాత్రి గురించి దశాబ్దాల పాటు సొంత బిడ్డలతో కూడా మాట్లాడలేదు. అటువంటి ఊరి నోట నువ్వు సూక్తులు పెట్టావు.

దుఃఖం గురించిన కథను పోయినవాళ్ళ ఇంట్లో కూర్చుని కాదు, పక్కింటి గుమ్మంలో నిలబడి రాయాలని నేను నలభై ఏళ్ళుగా నమ్ముతున్నాను. ఆ నమ్మకం పుస్తకాల వల్ల కలిగింది కాదు. నా పదకొండో ఏట మా నాన్న పోయారు. మా ఇంట్లో పొయ్యి వెలగని ఆ రోజుల్లో, ప్రహరీగోడ తగాదాతో మా అమ్మతో మాటలు లేని పక్కింటి అత్తయ్య, పూటపూటా పెరటి తలుపు గుండా వచ్చి, అన్నం గిన్నె దించి, అంతకుముందు పూట తెచ్చిన గిన్నెను మా నూతి దగ్గరే కడిగి తీసుకువెళ్ళేది. ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత గోడ తగాదా కూడా తీరలేదు. నా మొదటి కథ అదే. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ అత్తయ్యనూ గోడనూ కొట్టేసి, తల్లి ఏడుపు చాలలేదని తానే నాలుగు పేరాలు చేర్చి అచ్చువేశాడు. అది నా పేరుతో వచ్చిన పరాయి కథ. నా సంపుటాల్లో దేనిలోనూ దాన్ని చేర్చలేదు. ఆ తర్వాత రెండేళ్ళు కలం పట్టబుద్ధి కాలేదు. ఇప్పటి పోటీల్లో కూడా న్యాయనిర్ణేతలు కంటతడిని కొలిచి బహుమతులిస్తుంటే, నీ వంటి పిల్లలు ఆ కొలతకే రాస్తున్నారని నాకు బాధగా ఉంది.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన సంగతి చెబుతాను. మేజోళ్ళు తిరగవేసిన ఆ పొరుగింటామె కొడుకు తెల్లవారుజామున తడిబట్టలతో ఇంటికి చేరాడని మూడో పేజీలో ఒక్క వరుస రాసి, అతణ్ణి మళ్ళీ తలచుకోలేదు! ఆ ఓడలోనే ఉన్న, దీవిలోని నెస్ ప్రాంతపు జాన్ ఎఫ్. మక్లౌడ్ తాడుతో ఈది ఒడ్డు చేరితే, దాన్ని పట్టుకుని సుమారు 40 మంది బతికారు. నీ కథలోని కుర్రవాడు ఆ తాడు మీదనే వచ్చి ఉంటాడు. తన కొడుకు బతికి ఉండగా, ఆ తల్లి పక్కింట్లో అడుగు ఎలా పెట్టింది? కొడుకును ఎన్నాళ్ళు ఆ వాకిలి ముందు నుంచి నడవనివ్వలేదు? మేజోళ్ళు తిరగవేసిన చేతులు అంతకు గంట ముందు తన బిడ్డ తల తుడిచిన చేతులే కదా. నీ కథ అక్కడ ఉంది.

చెట్లు అరుదైన ఆ దీవిలో అప్పట్లో, నేలలోంచి ఇటుకల్లాంటి పాళాలుగా కోసి ఎండబెట్టిన పీట్, అంటే మొక్కలు కుళ్ళి ఏర్పడిన మండే మన్నే, పొయ్యిలోకి ఆధారం. వసంతం చివర ఇరుగుపొరుగు కలిసి ఒకరికొకరు కోసిపెట్టుకునేవారు. ఒకరు పొడవాటి కత్తితో కోస్తుంటే, ఇంకొకరు ఆ తడి పాళాన్ని అందుకుని గట్టు మీదికి విసరాలి, ఒంటరిగా సాగే పని కాదు. 1919 మే నెలలో పక్కింటి కుర్రవాడు, యుద్ధానికి ముందు ఇద్దరు కుర్రవాళ్ళూ కలిసి కోసిన ఆ చోటికి, కత్తి పట్టుకుని ఒక్కడే వచ్చాడనుకో. ఎదుట పాళం అందుకోవడానికి చనిపోయినవాడి తల్లి కొంగు బిగించుకుని నిలబడిందనుకో. ఇద్దరి చేత మాట్లాడించకు. సాయంత్రం దాకా కోయించు.

ఆ నాలుగు పేజీలు రాసి పంపు. సంపుటి గురించీ, ముందుమాట గురించీ నువ్వు అడిగినవి అవి చదివాక చూద్దాం.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ వయసు రచయిత్రి