రెండోసారి వెలగని స్క్రీన్

ప్రశ్న: లినక్స్ కంప్యూటర్‌లో వర్చువల్ మెషిన్ (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో ఊహా కంప్యూటర్) పెట్టి విండోస్ వాడుతున్నాను. రెండో గ్రాఫిక్స్ కార్డును పూర్తిగా దానికే అప్పగించాను. మొదటిసారి బ్రహ్మాండంగా నడుస్తుంది. విండోస్‌ను షట్‌డౌన్ చేసి మళ్లీ మొదలుపెడితే మాత్రం స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. కంప్యూటర్ మొత్తం రీస్టార్ట్ చేస్తేనే దారికొస్తుంది. కంప్యూటర్‌లోని కార్డుల వివరాలు చూపే ‘ఎల్ఎస్‌పీసీఐ మైనస్ వీవీ’ (lspci -vv) కమాండ్ కొట్టి చూస్తే, కేపబిలిటీస్ (కార్డు చేయగల పనులు) దగ్గర ‘యాక్సెస్ డినైడ్’ అంటోంది. కార్డు పాడైందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: టెన్షన్ పడకండి, ‘డినైడ్’ అన్నది మిమ్మల్ని! మామూలు యూజర్‌కు లినక్స్ ఆ కార్డు వివరాల్లో మొదటి 64 బైట్లే చూపిస్తుంది. కేపబిలిటీల చిట్టా ఆ తర్వాత మొదలవుతుంది. అదే కమాండ్ ముందు ‘సుడో’ (అడ్మిన్ అధికారంతో నడిపించే మాట) పెట్టి కొట్టండి. చాంతాడంత వస్తుంది. అందులో ‘డెవ్‌క్యాప్’ (DevCap) కింద ‘ఎఫ్ఎల్‌రీసెట్’ (FLReset) వెతికి, దాని పక్కన ప్లస్ ఉందో మైనస్ ఉందో చూడండి.

అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశాక సున్నం వేయించినట్టు, విండోస్ వదిలేసిన కార్డును మళ్లీ మొదటి స్థితికి తేవాలి. ప్లస్ ఉంటే ఆ పని కార్డే చేసుకోగలనంటోంది. (అన్నంత మాత్రాన నమ్మలేం. ఆ మాట నిలబెట్టుకోని పరికరాల జాబితా లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నల్‌లోనే ఉంది.) చాలా కార్డులకు మైనస్సే ఉంటుంది, అదేం వింత కాదు. అప్పుడు కెర్నల్ వేరే దారులు చూస్తుంది. కెర్నల్ 5.15 వెర్షన్ నుంచి ఆ దారులు ‘సిస్’ (/sys) ఫోల్డర్‌లో ఆ కార్డు కింద ‘రీసెట్ మెథడ్’ (reset_method) ఫైల్‌లో కనిపిస్తాయి.

అక్కడ ‘బస్’ ఒక్కటే ఉంటే జాగ్రత్త. బస్ అంటే కార్డులను కంప్యూటర్‌కు కలిపే దారి. బస్ రీసెట్ అంటే ఆ బస్ మీదున్నవన్నీ ఒకేసారి రీసెట్ అవుతాయి. కార్డులోని సౌండ్ భాగం లినక్స్‌కు వేరే పరికరం: కార్డు చిరునామా 01:00.0 అయితే సౌండ్ 01:00.1. రెండూ ‘వీఎఫ్ఐఓ-పీసీఐ’ (vfio-pci: పరికరాన్ని వర్చువల్ మెషిన్‌కు అప్పగించే) డ్రైవర్ చేతిలో ఉంటేనే అది బస్ రీసెట్‌కు ఒప్పుకుంటుంది. నేను రెండు రోజులు పోగొట్టుకున్నది ఇక్కడే. సౌండ్‌తో నాకేం పనిలే అని దానికి ఏ డ్రైవరూ లేకుండా వదిలేశాను. మొదటిసారి విండోస్ వచ్చేసింది కాబట్టి అనుమానమే రాలేదు. రెండోసారి మీలాగే నల్ల స్క్రీన్!

‘ఎల్ఎస్‌పీసీఐ మైనస్ ఎన్ఎన్‌కే’ (lspci -nnk) కొట్టండి. ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ ఎదురుగా రెండింటికీ ‘వీఎఫ్ఐఓ-పీసీఐ’ ఉందా? ఉన్నా స్క్రీన్ వెలగకపోతే, కార్డు మోడల్, రీసెట్ మెథడ్ ఫైల్‌లో ఉన్న మాటలు రాసి పంపండి.