అమలాపురం నుంచి డల్లాస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు?

హైదరాబాద్ నుంచి తిన్నగా కొలిస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. కానీ నాన్‌స్టాప్ ఫ్లైట్ లేదు. దుబాయ్ మీదుగా వెళ్తే 15,500 దాకా అవుతుంది. హైదరాబాద్-దుబాయ్ నాలుగు గంటలు, అక్కడ మూడు గంటలు ఆగారనుకోండి, డల్లాస్‌కి ఇంకో 16 గంటలు, మొత్తం 23. దీనికి ముందు అమలాపురం నుంచి రాజమండ్రి దగ్గరున్న మధురపూడి ఎయిర్‌పోర్టుకి కారు, హైదరాబాద్‌కి గంట ఫ్లైట్, శంషాబాద్‌లో పడిగాపులు, అన్నీ కలిపితే ఇంటి గుమ్మం దాటాక ఒకటిన్నర రోజు పోయినట్టే.

గ్లోబు మీద ఈ రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి చూడండి, ఉత్తర ధ్రువం పక్కగా పోతుంది, ఎందుకంటే రెండూ భూమికి దాదాపు చెరోవైపు ఉన్నాయి. టికెట్ మీద టైము చూసి కంగారు పడకండి. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అందుకే వేసవిలో తెల్లవారుజామున 4 గంటలకి హైదరాబాద్‌లో ఎక్కితే అదే రోజు సాయంత్రం నాలుగున్నరకి దిగినట్టు ఉంటుంది.

అన్నట్టు ఆవకాయ జాడీ హ్యాండ్ బ్యాగులో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. పూతరేకులైతే చేతిలోనే ఉంచుకోండి, లగేజీలో వేస్తే పొడైపోతాయి.