బీపీ ఉన్న మేనకోడలికి బరువుల సంగతి

పలాస

మేనకోడలికి అత్త ఆశీర్వదించి రాయునది.

బరువులెత్తితే బీపీ పెరుగుతుందా తగ్గుతుందా అని అడిగావు. రెండూ నిజమేనమ్మా. ఎత్తుతున్నంతసేపూ కండ బిగుసుకుని లోపలి రక్తనాళాలను నొక్కుతుంది, గుండె గట్టిగా తోయాలి, అందుకని పెరుగుతుంది. ఊపిరి బిగబడితే మరీను. కండలు తిరిగిన మగవాళ్లు కాళ్లతో పెద్ద బరువు తోస్తున్నప్పుడు పై అంకె 300 దాటినట్టు కొలిచారు. దించగానే అది దిగిపోతుంది. రెండు మూడు నెలలు విడవకుండా చేస్తే మాత్రం, ఊరికే కూర్చున్నప్పటి పై అంకె 3 నుంచి 5 దాకా తగ్గొచ్చు. మాత్ర మానేసేంత తగ్గుదల కాదది. ముట్లు ఆగే వయసులో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తగ్గి నాళాలు గట్టిపడతాయి, కండా కరుగుతుంది. అందుకే ఇప్పుడు మొదలెట్టమంటున్నాను.

ముందు వారం రోజులు బీపీ కొలిచి రాసుకో. టీ తాగిన అరగంట లోపు వద్దు. బాత్రూముకు వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చో. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. పట్టీ జాకెట్టు మీంచి కట్టకు. జబ్బ లావుగా ఉంటే పెద్ద పట్టీ అడుగు, చిన్నది బిగిస్తే లేని బీపీ చూపిస్తుంది. సగటు 135/85 దాటుతుంటే మందు సరిపోవట్లేదేమో డాక్టరునడిగి మొదలెట్టు. 180/110 కనిపిస్తే ఆ రోజు బరువుల జోలికెళ్లకు, డాక్టరుకు చూపించు. దానికి తోడు గుండెనొప్పి గానీ, ఆయాసం గానీ, చూపు మసక గానీ ఉంటే వెంటనే ఆస్పత్రికి.

వారానికి రెండు రోజులు చాలు, మధ్య ఒక రోజైనా ఖాళీ. వాకిట్లో 5 నిమిషాలు నడిచి మొదలెట్టు. చెక్క కుర్చీ గోడకు ఆనించుకో, ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. చీరైతే కుచ్చిళ్లు దోపుకో. చేతుల ఊతం లేకుండా లేచి, మెల్లిగా కూర్చో. లేచేటప్పుడు పైకి “ఒకటీ, రెండూ” అని లెక్కపెట్టు. నోట్లోంచి మాట వస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టలేవు. 10 సార్లు, 2 నిమిషాలు ఆగి మళ్లీ 10. తరవాత గోడకు చెయ్యంత దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి వంగి తోయడం, అదీ 10. లీటరు నీళ్ల సీసా అంటే కిలో బరువు, దాన్ని మోచెయ్యి మడిచి ఎత్తు. పది అయ్యాక కూడా ఇంకో నాలుగు సులువుగా చెయ్యగలిగితే రెండు లీటర్ల సీసా పట్టుకో. రోజూ బిందెలు మోస్తున్నాను కదా అంటావు. ఆ బరువుకు నీ కండ ఎప్పుడో అలవాటుపడిపోయింది, పైగా బిందె ఎత్తేటప్పుడు అందరూ ఊపిరి బిగబట్టేవాళ్లే.

బీపీకి బాగా పనిచేసేది ఇంకోటుంది. బళ్లో పిల్లల చేత వేయించేవారే, గోడకుర్చీ, అదే! 2 నిమిషాలు ఉండి, 2 నిమిషాలు ఆగి, అలా నాలుగు సార్లు, వారానికి మూడు రోజులు. మొదట అంతసేపు ఉండలేవు. సగమే కిందికి జారి 30 సెకన్లతో మొదలెట్టు. తొడలు వణకడం మొదలైనప్పుడే ఊపిరి బిగబడతారు, అక్కడే లెక్క గట్టిగా పెట్టాలి. మోకాళ్లు నొప్పెడితే ఇంకాస్త పైకి జరుగు.

మొదటి వారం ఒళ్లు నొప్పులుంటాయి. మందుల షాపుకెళ్లి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొని మింగకు. అవి బీపీ పెంచుతాయి, కిడ్నీల మీద పడతాయి. మన ఉద్దానం ఊళ్లలో ఎంతమందికి కిడ్నీలు పాడయ్యాయో నీకు చెప్పాలా? వేన్నీళ్ల కాపడం పెట్టుకో, రెండు మూడు రోజుల్లో పోతుంది.

అయిపోగానే చతికిలబడకు, 5 నిమిషాలు నడు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు అప్పుడే కళ్లు తిరుగుతాయి. కొన్ని మాత్రలతో నాడి పెద్దగా పెరగదు, కాబట్టి నాడి చూసి శ్రమ లెక్కకట్టకు, మాట్లాడగలుగుతున్నావా లేదా చూసుకో. పెద్దమ్మాయి తనూ చేస్తానంటే, కడుపుతో ఉంది గనక దాని డాక్టరు సరేనన్నాకే.

అంకెలు ఉన్నవి ఉన్నట్టు పంపు. బరువులెత్తిన వెంటనే కొలిచినవి మాత్రం పంపకు.

మీ అత్త