ఏడో వారం దాకా నేను రాను

అమ్మలూ,

మీ లాబ్రడార్ కుక్క రాణి ఎనిమిది పిల్లల్ని పెట్టిందని, అన్నిటినీ నువ్వే సాకి, పరీక్షించి, తగిన ఇళ్ళు చూసి ఇస్తానన్నావని మీ నాన్న ఫోను చేశాడు. ఆ పూట మీ పెద్దమ్మ ముందు గొప్పలు పోయాను. రాత్రి మాత్రం కునుకు పట్టలేదు. నర్సాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కితే సఖినేటిపల్లి, అక్కడి నుంచి ఎంత దూరమని, ఇంతవరకు పిల్లల్ని చూడటానికైనా రాలేదని అలిగావట. రాకపోవడానికి కారణముంది. అది తర్వాత చెబుతాను.

మూడు వారాలు నిండుతున్నాయంటే కళ్ళు తెరిచి, చెవులు వినిపిస్తూ ఉంటాయి. రోజూ ఒకే వేళకు తూచి పుస్తకంలో రాయి. పురుగుల మందు రెండో వారంలోనే పడాలి. పడకపోతే ఈ రోజే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళు. మళ్ళీ నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకు వేయించు. వారానికోసారి గోళ్ళ కొసలు తీసెయ్, లేకపోతే తల్లి చనుమొనలు గీరుకుపోతాయి. ఆవుపాలు పట్టకు. తల్లి వణుకుతున్నా, కాళ్ళు బిగుసుకుపోతున్నా తెల్లవారేదాకా ఆగకు. ఒంట్లో కాల్షియం పడిపోయిందన్నమాట, ప్రాణానికే ముప్పు.

మీ కొత్త ఇంటి టైల్స్ చూసినప్పుడే అనుకున్నాను. నడక నేర్చే పిల్లకు జారే నేల పనికిరాదు, గోనెపట్టాలు పరిపించు. లాబ్రడార్లకు తుంటి కీలు జబ్బు వంశంలో వచ్చేదే. ఈ పిల్లల తండ్రి కుక్కకు తుంటి ఎక్స్‌రే తీయించారా అని అడగనే లేదట! సంబంధమంటే అవతలివాళ్ళ మేనత్త మొగుడి ఆరోగ్యం దాకా ఆరా తీసే వంశం మనది. కుక్క దగ్గరికి వచ్చేసరికి రంగు చూసి సరిపెట్టుకున్నావు. ఇప్పుడైనా అడిగి, తీసుకువెళ్ళేవాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పు.

పిల్లల్ని చూడవచ్చినవాళ్ళ చెప్పులు గేటు బయటే విడిపించు. మొహమాటపడకు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ ఆ చెప్పుల మీదే ఇంట్లోకి వస్తుంది. మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌తో చస్తుందన్న నమ్మకం లేదు, బ్లీచింగ్ నీళ్ళతోనే కడగాలి. మొదటి టీకా ఆరు, ఎనిమిది వారాల మధ్య వేయిస్తారు. పదహారో వారం దాకా మిగతావి ఆపకూడదని కాగితం మీద రాసి మరీ ఇవ్వు.

మీ పెరటి వెనక రొయ్యల చెరువు ఒకటి నన్ను వేధిస్తోంది. ఇవి నీటి కుక్కలు పెదనాన్నా, వేళ్ళ మధ్య చర్మం ఉంటుంది, వీటి పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ జాలర్ల వెంట సముద్రంలో దూకినవి అని నాకే పాఠం చెబుతావు. కావచ్చు. అయిదు వారాల పిల్ల ప్లాస్టిక్ పట్టా పరిచిన గట్టు మీద నుంచి జారితే మళ్ళీ పైకి ఎక్కలేదు. మీ నాన్న వచ్చే నెల వేయిస్తానన్న కంచె ఈ వారమే వేయించు. 1996 నవంబరు తుపాను చూసినవాణ్ణి, నీళ్ళ విషయంలో నన్ను పిరికివాడనుకున్నా ఫరవాలేదు.

ఆ తుపాను మరుసటి ఏడే మన ఇంట్లో మొదటి ఈత. ఆరు పిల్లలు, అందులో నల్లది ఒకటి. నలభై తొమ్మిదో రోజున పిల్లల స్వభావానికి పరీక్ష పెట్టాలని ఎక్కడో చదివి, పలకా బలపం పట్టుకుని మన వసారాలోనే కూర్చున్నాను. పిలిస్తే అయిదూ పరుగెత్తుకొచ్చాయి, నల్లది నేలకు రాసుకుంటూ వచ్చింది. వెల్లకిలా పడుకోబెట్టి అరచేత్తో పట్టుకుంటే తక్కినవి తన్నుకున్నాయి, ఇది తడిగుడ్డలా పడి ఉంది. స్టీలు పళ్ళెం జారవిడిచాను. అన్నీ ఎగిరిపడ్డాయి. ఒకటి మొరిగింది, రెండు కాసేపటికి వచ్చి పళ్ళేన్ని వాసన చూశాయి. నల్లది కదల్లేదు, మెదల్లేదు. పలక మీద ఏం రాశానో తెలుసా? ‘నెమ్మది. పసిపిల్లలున్న ఇంటికి తగినది.’

అది నెమ్మది కాదమ్మా, భయంతో కొయ్యబారిపోవడం. తోక కడుపు కిందికి పోయింది, చెవులు వెనక్కి అతుక్కున్నాయి. బిస్కెట్టు ముక్క ముట్టలేదు. అన్నీ నా కళ్ళెదుటే ఉన్నాయి, నేనే చూడలేదు. నాకు కావలసింది బుద్ధిమంతురాలైన కుక్కపిల్ల, కాబట్టి అదే కనిపించింది.

స్నేహితుడికి ఇద్దరు పిల్లలు, మొరగని కుక్క కావాలన్నాడు. దీపావళికి మూడు రోజుల ముందు బుట్టలో పెట్టి ఇచ్చాను. ఏడాదిపాటు అది మంచం కిందే బతికింది. ‘ఎంత మంచి కుక్క, గొంతే లేదు’ అని వాళ్ళు అంటుంటే నేను ఉబ్బిపోయాను. మరుసటి దీపావళికి వీధంతా సీమటపాకాయలు. మంచం కిందికి దూరిన దాన్ని బయటకు లాగుదామని చిన్నవాడు చెయ్యి పెట్టాడు. నాలుగు కుట్లు పడ్డాయి. మర్నాడు నాతో ఒక్క మాట చెప్పకుండా దాన్ని పంటు ఎక్కించి అవతలి ఒడ్డున వదిలేశారు. వాళ్ళను ఏమనగలను? తప్పు రాసిన పలక నాది. వారం రోజులు సైకిలు మీద అంతర్వేది దాకా తిరిగాను. నల్లకుక్క కనిపించిన ప్రతిచోటా దిగి పిలిచాను. దొరకలేదు.

ఆ చిన్నవాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఎదురుపడి నమస్కారం పెట్టినప్పుడల్లా బొటనవేలి పక్కన మచ్చ కనిపిస్తుంది. వాడు మరిచిపోయాడనుకుంటాను.

అందుకని నీకు చెప్పేది, పిల్ల ఉలిక్కిపడిందా లేదా అని చూడకు. ఉలిక్కిపడనీ. ఎంతసేపటికి తేరుకుంది, తేరుకున్నాక ఆ వస్తువు దగ్గరికి వెళ్ళిందా, అది చూడు. ఉండచుట్టిన కాగితం విసిరితే తెచ్చిన పిల్లను చూసి మురిసిపోతావు, జాతి లక్షణం కదా. మురిసిపో, కానీ ఒక్క పూట పరీక్ష జాతకం కాదు. ఏడు వారాలూ నువ్వు రాసుకున్న పుస్తకమే ఎక్కువ చెబుతుంది. కుక్కరు కూత, మిక్సీ మోత, గుడి మైకు ఇప్పటి నుంచే దూరంగా, సన్నగా, పాలు తాగే వేళ వినిపించు.

ఏడు వారాలు నిండిన వారానికే దీపావళి. ఎవరు తొందరపెట్టినా, ముహూర్తమన్నా, అంతకు ముందు ఒక్క పిల్ల కూడా గడప దాటకూడదు. తల్లిని వదిలిన మూడో రోజున బాంబుల మోత వింటే ఆ వయసులో భయం నాటుకుపోతుంది. పండగ రాత్రి తల్లితో కలిపి లోపలి గదిలో పెట్టి, ఫ్యాను పెద్దగా వేసి, నువ్వూ అక్కడే పడుకో. మతాబులు మీ నాన్న కాల్చుకుంటాడు.

ఇక నా సంగతి. పరీక్ష పెట్టే మనిషి పిల్లలకు కొత్తవాడై ఉండాలి, చోటూ కొత్తదే కావాలి. వసారాలో నేనే పెట్టడం నేను చేసిన మొదటి తప్పు. నీ ఎనిమిది పిల్లలకు నా వాసన తెలియకూడదు. అందుకే రాలేదు తల్లీ. ఫోటోలు చూసి చూసి ఫోను బ్యాటరీ అయిపోతోందని మీ పెద్దమ్మ తిడుతూనే ఉంది.

నలభై తొమ్మిదో రోజు పొద్దున్నే మొదటి పంటుకు వస్తాను. నేను వచ్చేదాకా పిల్లలకు తిండి పెట్టకు. అవి ఎన్నడూ అడుగుపెట్టని కొబ్బరికాయల కొట్టు ఊడ్పించి ఉంచు. ఒక్కొక్కదాన్నే తెచ్చి నా ముందు వదిలి, నువ్వు బయటికి వెళ్ళిపోవాలి, తలుపు సందులోంచి చూడకూడదు. కొయ్యబారిపోయే పిల్ల ఏదైనా ఉంటే దానికి ఇల్లు వెతకకు, దీపావళి వెళ్ళాక నేనే వచ్చి పంటు మీద తీసుకెళ్తాను. మీ పెద్దమ్మను అడిగాను. ఒప్పుకుంది, ఇంచుమించు. పళ్ళెం నేను తెస్తాను. పరీక్షలో పిల్లల ముందు తెరిచి చూడటానికి గొడుగు మాత్రం నువ్వు చూడు, నా గొడుగుకు రెండు చువ్వలు విరిగాయి.

మీ పెదనాన్న