చచ్చిన గొర్రెను కోశాక చేతిపై నల్లటి పుండు.. ఆంత్రాక్సేనా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. పోయిన వారం మా ఊరి మందలో గొర్రెలు ఉన్నట్టుండి పడి చచ్చిపోయాయి. ఒకదాన్ని కోసి పోగులు వేసి పంచుకున్నారు. కోసినవాళ్లలో మా ఆయన కూడా ఉన్నారు. ఇప్పుడు ఆయన మణికట్టు దగ్గర పుండు లేచి మధ్యలో నల్లబడింది. చుట్టూ వాపు ఉన్నా నొప్పి లేదంటున్నారు. ఆర్‌ఎంపీ ఆయింట్‌మెంట్ ఇచ్చారు. ఊళ్లో అందరూ గొర్రెలవాళ్లనే తిడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక సోదరి, వరంగల్ జిల్లా

డాక్టర్ సలహా: అమ్మా, నొప్పి లేదని ఊరుకోకండి. నల్లటి పెచ్చు, చుట్టూ వాపు ఉండి కూడా నొప్పి లేకపోవడమే ఇక్కడ అనుమానించాల్సిన విషయం. ఇది చర్మానికి సోకే ఆంత్రాక్స్ కావచ్చు. పశువుల్లో దీన్నే దొమ్మ రోగం అంటారు. ఆయింట్‌మెంట్‌తో తగ్గేది కాదు. ఈ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి, అక్కడ కుదరకపోతే వరంగల్ ఎంజీఎంకు. వెళ్లగానే ‘చచ్చిన గొర్రెను కోశాను’ అని చెప్పాలి. మొహమాటపడి ఏదో గీసుకుపోయిందంటే మామూలు పుండు కింద చూసి పంపేస్తారు. పెచ్చును పీకడం, కోయించడం వద్దు. సరైన యాంటీబయాటిక్స్ వేళకు పడితే దాదాపు అందరికీ నయమవుతుంది. మందులు మొదలుపెట్టాక కూడా ఆ నల్ల పెచ్చు కొన్నాళ్లు ఉంటుంది, అది చూసి కోర్సు మధ్యలో ఆపొద్దు. మామూలుగా ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. ఆయన్ని వేరుగా ఉంచనక్కర్లేదు, పుండును మాత్రం వట్టి చేత్తో ముట్టుకోకండి.

మాంసం తిన్నవాళ్ల పేర్లు, కోసినవాళ్ల పేర్లు ఆశా కార్యకర్తకు ఇవ్వండి. ‘బాగా ఉడికించాం కదా’ అంటారు. కూర ఉడికే వేడికి ఈ క్రిమి బీజాలు పూర్తిగా చావవు. జ్వరం, వాంతులు, కడుపునొప్పి, రక్త విరేచనాలు, మెడ వాపు.. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక గొర్రెలవాళ్లను తిట్టడం. అది నాకు నచ్చలేదు. గొర్రె చస్తే వేల రూపాయలు పోతాయి. కోసి పంచితే నాలుగు డబ్బులైనా వస్తాయని చూస్తారు. తిట్టారనుకోండి, రేపు ఇంకోటి చచ్చినా గుట్టుగా కోస్తారు. 2021లో మీ పక్కనే దుగ్గొండి మండలంలో గొర్రెలకు ఆంత్రాక్స్ వచ్చింది, అంటే ఇది మన ప్రాంతానికి కొత్తది కాదు. కళేబరాన్ని కోస్తే క్రిమికి గాలి తగిలి బీజాలుగా మారుతుంది. అవి మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. అక్కడ మేసిన గొర్రెకు మళ్లీ వస్తుంది.

అందుకే పెంపకందారుల సంఘం, పంచాయతీ కలిసి కూర్చోవాలి. గొర్రె హఠాత్తుగా చచ్చి, ముక్కు, నోటి నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే కత్తి పెట్టకుండా సంచార పశువైద్య సేవల నంబర్ 1962కు గానీ పశువుల డాక్టర్‌కు గానీ ఫోన్ చేయాలి. పోస్టుమార్టం అక్కర్లేదు, చెవి దగ్గర కొద్దిగా రక్తం తీసి చూస్తారు. గుంట తవ్వే జేసీబీ ఖర్చు, సున్నం ఖర్చు పంచాయతీ భరిస్తే గొర్రెలకాపరి దాచాల్సిన పని ఉండదు. ఆరడుగుల లోతున, చెరువుకూ బావులకూ దూరంగా, సున్నం చల్లి పూడ్చాలి. మిగిలిన మందకు టీకా ఎప్పుడు వేయాలో పశువుల డాక్టరే చెబుతారు. ఒకసారి రోగం వచ్చిన ఊళ్లో ఏటా వేయించాల్సిందే. ఆ తేదీని డప్పు చాటింపు వేయిస్తే గుట్ట మీద మేపేవాళ్లకూ తెలుస్తుంది.

మీరు రాయనిది ఒకటుంది. ఆ గొర్రె తోలు ఏమైంది? ఎవరింట్లోనైనా ఆరేసి ఉంటే ముట్టుకోకుండా పశువుల డాక్టర్‌కు చెప్పండి. ఇప్పటికే అమ్మేసి ఉంటే ఏ వ్యాపారికి ఇచ్చారో కూడా చెప్పాలి.