మిషిగన్ చలికి ఇంట్లో హాట్ టబ్: మామూలు ప్లగ్‌ది చాలా, 240 వోల్టులది కావాలా?

ప్రశ్న: డెట్రాయిట్ సబర్బ్‌లో ఇల్లు కొన్నాం. బ్యాక్‌యార్డ్‌లో నలుగురు కూర్చునే హాట్ టబ్ (వేడినీళ్ల తొట్టి) పెట్టాలనుంది. మామూలు ప్లగ్‌కి పెట్టుకునేది సరిపోతుందా? నీళ్లు జోరుగా చిమ్మే జెట్లు ఎన్ని ఉండాలి? శీతాకాలంలో నాన్నగారు వస్తున్నారు, ఆయనకు మోకాళ్ల నొప్పులు.

జవాబు:

మేమూ మిషిగన్‌లోనే ఉంటాం. ఆరేళ్లలో రెండు టబ్‌లు కొన్నాం. మొదటిది కొని తప్పు చేశాం కాబట్టి మీకు చెప్పగలను.

అది గాలి నింపుకునే రకం. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బ్రహ్మాండంగా ఉంది. నవంబరులో మాన్యువల్ తిరగేస్తే, బయట 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తగ్గితే వాడొద్దని ఉంది. ఇక్కడ శీతాకాలమంతా అంతకన్నా తక్కువే కదా! నీళ్లు తోడేసి, ఆరబెట్టి, మడతపెట్టి గరాజ్‌లో పడేశాం. అసలు కావాల్సిన నెలల్లోనే అది పనికిరాలేదు.

ఇక మీ ప్రశ్న. 350 గ్యాలన్ల టబ్ అనుకోండి. 50 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న నీళ్లను 100కి తేవాలంటే దాదాపు 43 యూనిట్ల కరెంటు పడుతుంది. ఇక్కడి మామూలు 120 వోల్టుల ప్లగ్ టబ్‌లలో హీటర్ కిలోవాట్, కిలోవాటున్నర దగ్గర ఉంటుంది. కిలోవాట్‌దైతే దాదాపు రెండు రోజులు, అదీ వేడి ఏమాత్రం బయటికి పోదనుకుంటే. 240 వోల్టుల దాంట్లో ఐదున్నర కిలోవాట్ల హీటర్ ఉంటే ఎనిమిది గంటల్లో అయిపోతుంది. ఒకసారి వేడెక్కితే చాలు కదా అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఈ ప్లగ్ టబ్‌లలో చాలావాటికి జెట్లు జోరుగా పనిచేస్తుంటే హీటర్ ఆగిపోతుంది. జనవరిలో మా ఫ్రెండ్ వాళ్లింట్లో మూత తీసి నలుగురం కూర్చున్నాం. అరగంటకల్లా నీళ్లు చల్లబడిపోయాయి. బయటికొస్తే చలి, లోపలుంటే గోరువెచ్చన. మీది మిషిగన్ కాబట్టి నా ఓటు 240కే.

అయితే ఖర్చు టబ్‌తో అయిపోదు. మాకు అమ్మినతను అన్నీ కలిపే ధర అన్నాడు. ఆ 'అన్నీ'లో కరెంటు పని లేదని తర్వాత తెలిసింది. మా కరెంటు ప్యానెల్ గరాజ్ ముందువైపు ఉంది, టబ్ ఏమో వెనక మూల. అంత దూరం వైరు లాగి, 50 ఆంపుల జీఎఫ్‌సీఐ బ్రేకర్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) పెట్టి, నీళ్లకు కనీసం ఐదడుగుల దూరంలో కళ్లెదురుగా కనిపించేలా కరెంటు ఆపే డిస్‌కనెక్ట్ స్విచ్ బిగించేసరికి 1,900 డాలర్లయింది. మీరు ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్యానెల్‌లో చోటుందో లేదో చూపించండి, ఆ తర్వాతే షోరూమ్‌కి వెళ్లండి. సిటీ పర్మిట్, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి కూడా అప్పుడే కనుక్కోండి. టబ్‌ని వీలైనంత వరకు వెనక తలుపు పక్కనే పెట్టండి. మంచులో తడి కాళ్లతో ముప్పై అడుగులు నడవాలంటే రెండో వారం నుంచి ఎవరూ దిగరు.

జెట్ల సంఖ్య చూసి మోసపోకండి. పంపు బలం అంతే ఉండి చిల్లులు పెరిగితే ఒక్కో దాంట్లోంచి వచ్చే జోరు తగ్గుతుంది. ఈత బట్టలు పట్టుకెళ్లి షోరూమ్‌లోనే దిగి చూస్తామని అడగండి. సిగ్గుపడక్కర్లేదు, చాలాచోట్ల ఒప్పుకుంటారు. పడుకునే సీటు మీద మనసుపడ్డాను కానీ, నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు, జెట్లు వెయ్యగానే కాళ్లు పైకి తేలిపోయాయి. మీ నాన్నగారికైతే మామూలు సీట్లు, పక్కన మెట్లు, పట్టుకోవడానికి గట్టి కమ్మీ ఉన్నది చూడండి.

డబ్బు పెట్టాల్సింది మూత మీద. చవక మూత నాలుగో ఏడాదికి నీళ్లు పీల్చి, ఇద్దరం పట్టినా లేవలేదు. కరెంటు బిల్లు కూడా అప్పుడే పెరిగింది. మూత మందంగా, మధ్యలో ఎత్తుగా ఉండి, తాళం పడాలి. ఎత్తే లిఫ్టర్ కూడా తీసుకోండి.

పెద్దవాళ్ల విషయం: ఇక్కడి టబ్‌లలో గరిష్ఠం 104 డిగ్రీలు. మా నాన్నకు 98 దగ్గర పెట్టి, పది నిమిషాలకు మించనిచ్చేదాన్ని కాదు. బీపీ మందులు వాడుతుంటే డాక్టర్‌ని అడిగాకే దించండి, లేచేటప్పుడు మెల్లగా లేవమనండి. ఐదేళ్లలోపు పిల్లల్ని అసలు దించకూడదు.

మా అమ్మ మాత్రం టబ్‌ని చూడగానే "ఒకళ్లు దిగిన నీళ్లలో ఇంకొకళ్లు దిగడమేంటే?" అంది. ఆవిడ అనుమానం న్యాయమైనదే. క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల వంతుల్లో 3), నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. లేకపోతే వేడినీళ్లలో బ్యాక్టీరియా పెరిగి ఒంటి మీద దద్దుర్లొస్తాయి. రంగు మారే టెస్ట్ స్ట్రిప్ ముంచి చూడటం నిమిషం పని. మూడు నాలుగు నెలలకోసారి నీళ్లు మార్చేయాలి. ఒక ఆదివారం తలకు కొబ్బరినూనె పెట్టుకుని మా ఆయన దిగాడు. జెట్లు వెయ్యగానే చాకిరేవులా నురగ! అందుకే మా ఇంట్లో ముందు స్నానం, తర్వాతే టబ్.

నాన్నగారు శీతాకాలంలో వస్తున్నారంటే, టబ్ కింద కాంక్రీట్ పని అక్టోబరులోపే కానిచ్చేయండి, నేల గడ్డకట్టాక కష్టం. నీళ్లు, మనుషులతో కలిపి టబ్ బరువు 4,000 పౌండ్లు దాటుతుంది, డెక్ మీద పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. మేం నాలుగంగుళాల స్లాబ్ వేయించాం. గేటు కూడా కొలవండి. టబ్‌ని పక్కకు తిప్పి నిలబెట్టి తెస్తారు. మా గేటు 36 అంగుళాలు, టబ్ ఎత్తు 38. డెలివరీ వాళ్లు వీధిలో ఎదురుచూస్తుంటే మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని ఫెన్స్ విప్పాడు.