పేరు కొడితేనే కనిపిస్తోంది!

ప్రశ్న: గూగుల్‌లో మా కుట్టుషాపు పేరు కొడితే వస్తుంది. ‘దగ్గర్లో టైలర్’ అని వెతికితే రాదు. ఎందుకండీ?

జవాబు: మ్యాపు కింద మొదట కనిపించేవి సాధారణంగా 3 పేర్లే. వెతికిన మాటకు పొంతన, వెతికే మనిషికి దూరం, షాపుకున్న గుర్తింపు చూసి గూగుల్ వాటిని ఎంచుతుంది. దూరం మీ చేతిలో లేదు. ముందు పొంతన సరిచూడండి. గూగుల్‌లో మీ షాపు వివరాలుండే ‘బిజినెస్ ప్రొఫైల్’ను నడిపే ఖాతాతో లాగిన్ అయి, షాపు పేరు వెతికి, ‘ఎడిట్ ప్రొఫైల్’లో ప్రధాన కేటగిరీ చూడండి. అక్కడ ‘బట్టల దుకాణం’ అని ఉంటే ‘టైలర్’గా మార్చండి. చాలామంది తప్పేది ఇక్కడే. మ్యాపులో పిన్ మీ గుమ్మం దగ్గరే ఉందా, పనివేళలు సరైనవేనా చూసుకోండి. బోర్డు మీద లేని ‘బెస్ట్ టైలర్’ లాంటి మాటలు పేరుకు తగిలించవద్దు, గూగుల్ ప్రొఫైలే నిలిపేయొచ్చు. రాయితీ ఆశపెట్టి రివ్యూలు రాయించడమూ నిబంధనలకు విరుద్ధమే. డబ్బు తీసుకుని పైకి తెస్తామనే ఫోన్లను అస్సలు నమ్మకండి; ప్రకటనలు తప్ప ఆ స్థానాలను గూగుల్ అమ్మదు.